మరుగున వెలిగిన దీపం: ఎమిలీ డికిన్‌సన్



మీ ఇంట్లో ఎక్కువగా మాట్లాడని మనిషి ఎవరైనా ఉన్నారా? చుట్టాలు రాగానే లోపలి గదిలోకి వెళ్లిపోయే ఆడబిడ్డ కావచ్చు. పెళ్లి చేసుకోకుండా అమ్మానాన్నలను చూసుకుంటూ ఉండిపోయిన అక్క కావచ్చు. ఆదివారం దివ్యబలిపూజ అయ్యాక అందరూ గుడి ఆవరణలో నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటే తల వంచుకుని ఇంటికి నడిచిపోయే పిన్ని కావచ్చు. అటువంటి వారి గురించి మనం తొందరపడి ఒక మాట అనేస్తాం. గర్వమంటాం, కాకపోతే మనసు బాగాలేదంటాం. ఈ వారం మీకు చెప్పబోయేది అటువంటి ఒక స్త్రీ జీవితం. బ్రతికినన్నాళ్లూ ఊరివాళ్లు ఆమెను వింతగా చూశారు. చనిపోయాక ఆమె గదిలో దొరికిన కాగితాలను చూసి లోకం ఆశ్చర్యపోయింది.

ఆమె పేరు ఎమిలీ డికిన్‌సన్, అమెరికా కవయిత్రి. ఎక్కడి అమెరికా, ఎక్కడి దమ్మాయిగూడ అనుకోకండి. మీరు దమ్మాయిగూడలో బయలుదేరి ఈసీఐఎల్, మల్లాపూర్, నాచారం మీదుగా హబ్సిగూడ చేరి తార్నాక వైపు తిరిగితే ఉస్మానియా విశ్వవిద్యాలయం వస్తుంది. ఆ ఆవరణలో 1964లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ అనే సంస్థ వెలిసింది. అమెరికా సాహిత్యాన్ని, చరిత్రను చదివేవారి కోసం అక్కడ పెద్ద గ్రంథాలయం ఏర్పడింది. దేశం నలుమూలల నుంచి అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు ఆ పుస్తకాల కోసం హైదరాబాదు వచ్చేవారు. తర్వాతి కాలంలో ఆ సంస్థ పేరు మారింది, నిర్వహణ కూడా మారింది. కాని ఉప్పల్, నాచారం కుటుంబాలకు ఇంత దగ్గరలోనే అమెరికా కవులను చదివే చోటు ఒకటి ఉండేదని గుర్తు చేయడానికే ఈ మాట చెబుతున్నాను. మీ విచారణలో ఇంగ్లీషు సాహిత్యం చదివే అమ్మాయో అబ్బాయో ఉంటే ఎమిలీ పేరు చెప్పి చూడండి. చాలావరకు గుర్తుపడతారు.

ఎమిలీ 1830 డిసెంబరు 10న మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్‌హెర్స్ట్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. పుట్టిన ఇంట్లోనే కన్నుమూసింది. 1840 నుంచి 1855 వరకు కుటుంబం అదే ఊళ్లో మరో ఇంట్లో ఉంది. ఆ పదిహేనేళ్లు తప్పిస్తే ఆమె బ్రతుకంతా దాదాపు ఆ ఇటుకల ఇంట్లోనే గడిచింది. తాతగారు ఆమ్‌హెర్స్ట్ కళాశాల స్థాపకులలో ఒకరు. తండ్రి ఎడ్వర్డ్ న్యాయవాది. ఆ కళాశాలకు దాదాపు నలభై ఏళ్లు కోశాధికారిగా పనిచేశారు. అమెరికా కాంగ్రెస్ సభ్యునిగా కూడా ఉన్నారు. అన్న ఆస్టిన్, చెల్లెలు లవీనియా, నడుమ ఎమిలీ. కలిగిన కుటుంబం, పేరున్న కుటుంబం. పిల్లలకు పుస్తకాలు ఉన్నాయి, చదువు ఉంది. ఆడపిల్లలకు చదువెందుకు అనే రోజుల్లో ఎమిలీ ఆమ్‌హెర్స్ట్ అకాడమీలో ఏడేళ్లు చదివింది. అక్కడ వృక్షశాస్త్రం కూడా నేర్చుకుంది. చిన్నతనంలో ఆమె పూలూ ఆకులూ ఎండబెట్టి కాగితాలకు అతికించి తయారుచేసిన సంపుటం ఈనాటికీ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది. అందులో 424 మొక్కలున్నాయి.

పదహారేళ్లు దాటాక, 1847లో ఆమెను మౌంట్ హోలియోక్ అనే బాలికల విద్యాలయానికి పంపారు. అక్కడ చదువుతోపాటు ఆత్మశోధన కూడా గట్టిగా సాగేది. అమ్మాయిలను మూడు వరుసలుగా చూసేవారు. క్రీస్తును బహిరంగంగా అంగీకరించినవారు ఒక వరుస. అంగీకరిస్తామన్న ఆశ ఉన్నవారు రెండో వరుస. ఆశ లేనివారు మూడో వరుస. తోటి అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు ముందుకు జరిగారు. ఎమిలీ మాత్రం మూడో వరుసలోనే మిగిలింది. ఒక విద్యాసంవత్సరం ముగిశాక ఇంటికి తిరిగివచ్చింది. మళ్లీ ఆ బడికి వెళ్లలేదు.

రెండేళ్ల తర్వాత, 1850లో ఆమ్‌హెర్స్ట్‌లో గొప్ప ఉజ్జీవం వచ్చింది. వారిది కాంగ్రిగేషనల్ ప్రొటెస్టెంట్ సంఘం. తల్లి ముందే అందులో సభ్యురాలు. ఆ ఏడాది తండ్రి చేరారు, చెల్లెలు చేరింది. మరికొన్నేళ్లకు అన్న కూడా చేరాడు. ఇంటిల్లిపాదిలో ఎమిలీ ఒక్కతే చేరలేదు. ముప్పై ఏళ్లు వచ్చేసరికి గుడికి వెళ్లడం కూడా మానేసింది.

ఇక్కడ మీరు ఆగి, అయితే ఆమె నాస్తికురాలా అని అడగవచ్చు. తొందరపడకండి. ఆమె చేతిలో బైబిలు జీవితాంతం ఉంది. ఆమె కవితల్లో దేవుడు, మరణం, పరలోకం, సిలువ, పునరుత్థానం మళ్లీమళ్లీ వస్తాయి. కొన్నిచోట్ల ఆమె దేవుణ్ణి ప్రార్థిస్తుంది. కొన్నిచోట్ల నిలదీస్తుంది. కొన్నిచోట్ల అలిగి మొహం తిప్పుకుంటుంది. యోబు గ్రంథం చదివినవారికి, కీర్తనలు చదివినవారికి ఈ ధోరణి కొత్త కాదు. మనసులో లేని మాటను నలుగురి ముందు నోటితో అనడానికి ఆమె ఒప్పుకోలేదు. పదిమంది లేచారు కాబట్టి నేనూ లేస్తానని ఆమె లేవలేదు. ఆమెను మనం పునీతురాలిని చేయనక్కరలేదు. అవిశ్వాసి అని తోసివేయనూ అక్కరలేదు. మన దేశానికి సువార్త తెచ్చాడని మనం గౌరవించే పునీత తోమాసువారు కూడా, తోటి శిష్యులందరూ నమ్మామన్న రోజున నేను చూడనిదే నమ్మనని అన్నవారే. ప్రభువు ఆయనను తరిమివేయలేదు. ఎనిమిది రోజుల తర్వాత ఆయన కోసం మళ్లీ వచ్చారు.

1855లో కుటుంబం పాత ఇంటికి తిరిగివచ్చింది. అప్పటినుంచే తల్లి ఆరోగ్యం దెబ్బతిన్నది. ఇంటి పని, తల్లి సేవ కూతుళ్లిద్దరి మీద పడ్డాయి. ఎమిలీ రొట్టెలు చేయడంలో మంచి నేర్పరి. 1856లో ఊరి సంతలో ఆమె చేసిన రొట్టెకు రెండో బహుమతి వచ్చింది. తండ్రి ఆమె చేతి రొట్టె తప్ప వేరొకటి ముట్టేవారు కారట. తోటపని చేసేది. కార్లో అనే పెద్ద కుక్కను వెంటబెట్టుకుని తిరిగేది. రాత్రి ఇల్లు సద్దుమణిగాక తన గదిలో చిన్న బల్ల ముందు కూర్చుని రాసేది. వంటింట్లో ఏదైనా మాట తడితే చేతికందిన కాగితం మీద గీసుకునేది. వాడేసిన కవర్ల మీద, వంటకం కొలతలు రాసిన కాగితం వెనుక, చాక్లెట్ చుట్టిన కాగితం మీద రాసిన కవితలు ఇప్పటికీ ఉన్నాయి.

1858 ప్రాంతంలో ఆమె ఒక పని మొదలుపెట్టింది. రాసిన కవితలను మంచి కాగితాల మీద శుభ్రంగా తిరగరాసి, ఆ కాగితాలను మడిచి, సూదీ దారంతో కుట్టి చిన్న పుస్తకాలుగా చేసింది. ఏడేళ్లలోపే అటువంటివి 40 తయారయ్యాయి. వాటిలో 800కు పైగా కవితలున్నాయి. ఆ సంగతి ఇంట్లోవారికే సరిగా తెలియదు. అవి అమెరికా అంతర్యుద్ధం జరుగుతున్న రోజులు. ఆమ్‌హెర్స్ట్ కళాశాల అధ్యక్షుని కుమారుడు 1862 మార్చిలో యుద్ధంలో చనిపోయాడు. ఊరంతా ఏడ్చింది. ఎమిలీ అత్యధికంగా రాసింది ఆ సంవత్సరాలలోనే. గది తలుపు మూసుకుంది గాని లోకపు దుఃఖానికి ఆమె మనసు మూసుకోలేదు.

1862 ఏప్రిల్‌లో ఆమె థామస్ వెంట్‌వర్త్ హిగ్గిన్‌సన్ అనే రచయితకు ఉత్తరం రాసి, నాలుగు కవితలు జతచేసి, వీటిలో ప్రాణం ఉందో లేదో చెప్పమని కోరింది. ఆయన మంచివారే, బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడినవారే. కాని ఆ కవితల నడక ఆయనకు కొరుకుడు పడలేదు. అచ్చువేయడానికి తొందరపడవద్దని సలహా ఇచ్చారు. అయినా వారి ఉత్తరాలు ఆమె మరణం వరకు సాగాయి. 1870 ఆగస్టులో ఆయన ఆమ్‌హెర్స్ట్ వచ్చినప్పుడు, తెల్లని దుస్తుల్లో ఉన్న ఒక చిన్నపాటి స్త్రీ రెండు పూలు చేతబట్టుకుని మెత్తని అడుగులతో వచ్చి ఆయన ఎదుట నిలబడింది. ఎమిలీ బ్రతికుండగా అచ్చయినట్టు తెలిసిన కవితలు పది మాత్రమే. వాటిలో దేనికీ ఆమె పేరు లేదు.

నలభై ఏళ్లు దగ్గరపడేసరికి ఆమె ఇంటి ఆవరణ దాటడం మానేసింది. వచ్చినవారితో తలుపు చాటునుంచి మాట్లాడేది. కారణం ఏమిటని పండితులు ఎన్నో రాశారు. కళ్లజబ్బుకు 1864లో, 1865లో బోస్టన్ దగ్గర నెలల తరబడి చికిత్స చేయించుకుందని మనకు తెలుసు. తల్లి మంచం పట్టిందని తెలుసు. రాయడానికి సమయమూ ఏకాంతమూ కావాలని కూడా తెలుసు. వీటిలో ఒక్కదాన్ని పట్టుకుని ఇదే కారణమని తేల్చడం న్యాయం కాదు. అయితే ఆమె మనుషులను వదులుకోలేదు. ఊరి పిల్లలకు పై కిటికీలోనుంచి బుట్టకు తాడు కట్టి తాను చేసిన అల్లం రొట్టె దించేది. కష్టంలో ఉన్నవారికి పూలతో కలిపి ఉత్తరాలు పంపేది. 1883లో పక్కింట్లో అన్న చిన్నకొడుకు గిబ్ ఎనిమిదేళ్ల వయసులో టైఫాయిడ్‌తో చావుబ్రతుకుల్లో ఉంటే, ఏళ్ల తరబడి గడప దాటని ఎమిలీ ఆ రాత్రి చీకట్లో నడిచి ఆ ఇంటికి వెళ్లింది. బిడ్డ బ్రతకలేదు. ఆ దెబ్బనుంచి ఆమె కూడా తేరుకోలేదు.

ఇప్పుడు ఈ కథలో మన కతోలికులు తెలుసుకోవలసిన ఒక మనిషి సంగతి. ఆమె పేరు మార్గరెట్ మాహెర్, అందరూ మ్యాగీ అనేవారు. ఐర్లండ్‌లోని టిప్పరరీ ప్రాంతం నుంచి వలసవచ్చిన కతోలిక స్త్రీ. ఆ రోజుల్లో ఆ ప్రాంతపు పెద్ద కుటుంబాలవారికి ఐరిష్ కతోలికులంటే చిన్నచూపు. 1869లో మ్యాగీ డికిన్‌సన్ ఇంట్లో పనికి చేరి ముప్పై ఏళ్లు అక్కడే ఉంది. అంతకుముందున్న పనిమనిషి పెళ్లి చేసుకుని 1865లో వెళ్లిపోయింది. మ్యాగీ వచ్చేదాకా నడుమ ఉన్న సంవత్సరాలలో ఎమిలీ రాసిన కవితలు బాగా తగ్గిపోయాయని పరిశోధకులు గమనించారు. వేరే కారణాలు కూడా ఉండవచ్చు. కాని ఒకరు గిన్నెలు తోమితేనే మరొకరికి కలం పట్టే తీరిక దొరుకుతుందన్న నిజాన్ని మనం మరిచిపోరాదు. ఎమిలీ మ్యాగీని నమ్మింది. తన కవితలు కొన్నింటిని మ్యాగీ ట్రంకుపెట్టెలో దాచుకుంది. పెద్ద చదువులు చదివిన అన్న ఇంట్లో కాదు, పనిమనిషి పెట్టెలో!

1886 మే 15న ఎమిలీ కన్నుమూసింది. ఆమెకు యాభై ఐదేళ్లు. తన శవపేటిక ఎలా వెళ్లాలో ముందే చెప్పి ఉంచింది. ముందు గుమ్మంలోనుంచి కాదు, వెనుక గుమ్మంలోనుంచి, తోట దాటి, పశువుల కొట్టం మీదుగా, పూలు పూసిన పొలాల గుండా శ్మశానానికి. మోయవలసింది ఊరి ప్రముఖులు కాదు, ఆ ఇంట్లో పనిచేసిన ఆరుగురు ఐరిష్ కూలీలు. అలాగే జరిగింది. తలుపు చాటున బ్రతికిన మనిషి చివరి ప్రయాణంలో ఎవరి భుజాలను కోరుకుందో చూడండి.

తన ఉత్తరాలు కాల్చివేయమని ఎమిలీ చెల్లెలికి చెప్పింది. ఆ కాలంలో అది ఆచారమే. లవీనియా మాట తప్పలేదు, అక్కకు వచ్చిన ఉత్తరాలను చాలావరకు కాల్చివేసింది. ఆ తర్వాత గదిలో కవితల పెట్టె కనిపించింది. కుట్టిన పుస్తకాలు, విడి కాగితాలు, వందల కొద్దీ. ఆ క్షణంలో లవీనియా చేతిలో అగ్గిపుల్ల ఉన్నట్టే అనుకోండి. ఆమె కవయిత్రి కాదు, విమర్శకురాలు కాదు. ఇల్లు చూసుకుంటూ, పిల్లులను పెంచుకుంటూ, అక్కకూ బయటి లోకానికీ నడుమ కాపలాగా నిలబడిన మామూలు మనిషి. కాని వీటిని కాల్చకూడదని ఆమెకు తోచింది. వదినగారిని అడిగింది, ఆమె ఆలస్యం చేసింది. కళాశాల అధ్యాపకుని భార్య మేబెల్ లూమిస్ టాడ్‌ను అడిగింది, ఆమె కూర్చుని తిరగరాసింది. హిగ్గిన్‌సన్ కూడా చేయి కలిపారు. 1890 నవంబరులో మొదటి సంపుటం వెలువడింది. రెండేళ్లలో పదకొండుసార్లు ముద్రించవలసి వచ్చింది.

కథ అక్కడితో సుఖంగా ముగియలేదు. ఒక చిన్న స్థలం ముక్క గురించి లవీనియాకూ టాడ్ కుటుంబానికీ వివాదం వచ్చి కోర్టుకెక్కింది. 1898లో లవీనియా గెలిచింది, కాని కవితలు రెండు ఇళ్ల మధ్య చీలిపోయాయి. టాడ్ దగ్గరున్నవి దశాబ్దాలపాటు పెట్టెలో మూతపడి ఉన్నాయి. మనలో స్థలాల గొడవలతో మాటలు మానుకున్న అన్నదమ్ములకు వేరే వివరణ అక్కరలేదు.

మరో సంగతి. మొదటి సంపాదకులు ఆమె కవితలను సరిదిద్దారు. ఆమె వాడిన అడ్డగీతలు తీసేశారు, పదాలు మార్చారు, పేర్లు పెట్టారు. ఆమె రాసినది రాసినట్టుగా పాఠకులకు చేరడానికి 1955 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది థామస్ జాన్సన్ అనే పండితుడు కవితలన్నింటినీ సమకూర్చి ప్రకటించారు. తర్వాత రాల్ఫ్ ఫ్రాంక్లిన్ అనే పండితుడు విడదీసిన కాగితాల మీది సూది రంధ్రాలను, మరకలను పోల్చి చూసి, ఆమె కుట్టిన పుస్తకాలు మొదట ఏ వరుసలో ఉండేవో తేల్చారు. 1998లో ఆయన ప్రచురించిన సంపుటాల్లో 1789 కవితలున్నాయి. ఆమెను చదవాలనుకునే విద్యార్థులు ఈ ఇద్దరి ప్రతులలో ఒకటి పట్టుకోవాలి. ఒక చిన్న కిటుకు కూడా చెబుతాను. ఆమె కవితలు చాలావరకు గుడిలో పాడే ఇంగ్లీషు కీర్తనల గతిలో నడుస్తాయి. ఎనిమిది అక్షరాల పాదం, తర్వాత ఆరు అక్షరాల పాదం. కళ్లతో కాక, పాట పాడినట్టు గొంతెత్తి చదివితే సగం కష్టం తీరిపోతుంది. గుడికి వెళ్లడం మానినా గుడి పాట ఆమెను మానలేదు.

ఇది వింటుంటే మీకు మన పునీత చిన్న తెరేజమ్మగారు గుర్తుకు రావడం లేదా? ఆమె కూడా నాలుగు గోడల మధ్య, లిసియు కార్మెల్ మఠంలో, ఎవరికీ తెలియకుండా 1897లో ఇరవై నాలుగేళ్లకే కన్నుమూశారు. ఆమె నోటుపుస్తకాలను కూడా సోదరే సరిదిద్ది మరుసటి ఏడాది అచ్చువేయించారు. తెరేజమ్మగారు రాసినది రాసినట్టుగా 1956లో బయటికి వచ్చింది. ఇద్దరి దారులు వేరు, విశ్వాసం వేరు. కాని ఇద్దరి కాగితాలూ మనదాకా రావడానికి కారణం ఇంట్లోని ఒక తోబుట్టువు వాటిని పారవేయకపోవడమే.

కాబట్టి ప్రియ పాఠకులారా, ఈ జీవితం చదివి ఒక గొప్ప కవయిత్రి గురించి తెలుసుకున్నామని పేపరు మడిచి పక్కన పెట్టకండి. మీ ఇంటి లోపలికి ఒకసారి చూడండి. నాచారం ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చి రాత్రి పదింటికి ఏదో రాసుకునే కూతురు ఉంటే ఆ పుస్తకం లాక్కుని నవ్వకండి. ఒక బల్ల, ఒక దీపం, మూసుకోవడానికి ఒక తలుపు ఇవ్వండి. అమ్మమ్మ పోయాక ఆమె పెట్టెలో పాటలు రాసుకున్న నోటుపుస్తకం దొరికితే పాత కాగితాలవాడికి వేసేముందు కూర్చుని ఒక్కసారి చదవండి. మీ పిల్లవాడు జపమాల దగ్గర కూర్చుని నాకు నమ్మకం కుదరడం లేదని నిజం చెబితే, కోప్పడి అబద్ధం చెప్పించకండి. ఆ నిజంతోనే ప్రార్థించమనండి. మీ ఇంట్లో గిన్నెలు తోమే మనిషికి కూడా ఒక పేరుంది, ఒక ట్రంకుపెట్టె ఉంది, అందులో ఏముందో మీకు తెలియదు. ఆమెను పేరుతో పిలవండి.

లవీనియా చేసిన మేలు చాలా చిన్నది. కాల్చకుండా ఆగింది, చదివింది, మరొకరికి చూపించింది. అంతపాటి పని మనలో ఎవరైనా చేయగలం.